గోడ మాది, బొమ్మ వాళ్ళది – 9వ భాగం



రాజాం రోడ్డులో బస్సు కిటికీ పక్కన కూర్చుని గోడలు చదువుకుంటూ పొండి, ఒక సంగతి తెలుస్తుంది. సిమెంటు కంపెనీవాడికి కాస్త మర్యాద ఉంది. ప్రహరీ మీద తన పేరు రాసుకోవాలంటే ఇంటాయన్ని ఒక మాట అడుగుతాడు. గోడకి సున్నం తనే కొట్టిస్తాడు. మన పేటలకి ఆ కంపెనీ రాదనుకోండి, మెయిన్ రోడ్డు మీద మనకి గోడెక్కడిది! ప్రభుత్వాలకి మాత్రం ఆ మర్యాద కూడా లేదు. అడగవు. సున్నం డబ్బులూ మన దగ్గరే వసూలు చేస్తాయి.

పంచాయతీ ఆఫీసుల రంగుల కథ గుర్తుందా? అధికార పార్టీ జెండా రంగులు ఆఫీసులకి పూస్తే, గుంటూరు జిల్లా పల్లపాడు నుంచి కేసు హైకోర్టుకెళ్ళింది. 2020 మార్చిలో కోర్టు ఆ రంగులు తీసేయమంది. తీశారా? లేదు, ఇంకో రంగు కలిపారు! జీవో 623. ఆ జీవో ప్రకారం ఆకుపచ్చంటే పంటలట, నీలమంటే చేపలూ రొయ్యలట, తెలుపంటే పాలట, కొత్తగా చేర్చిన మట్టిరంగంటే నేలట. జెండా అన్నమాట ఎక్కడా లేదు, అంతా వ్యవసాయమే. ఈ భాష్యం రాసిన అధికారిని ఏ సబ్బుల కంపెనీ ఎత్తుకుపోలేదో నాకిప్పటికీ అర్థం కాదు. మే నెలలో హైకోర్టు ఆ జీవోనీ కొట్టేసింది, జూన్‌లో సుప్రీంకోర్టు కూడా కుదరదంది. పూసిన ఖర్చు మనది, గీకిన ఖర్చు మనది.

పసుపు కండువా మిత్రులు అప్పుడే నవ్వకండి. సంక్రాంతికి కందిపప్పూ బెల్లమూ సంచీలో పోసి 'చంద్రన్న కానుక' అని రాసిందెవరు? అన్న క్యాంటీన్లకి పసుపు రంగు పూసిందెవరు? చంద్రన్న, జగనన్న, అందరూ అన్నలే. మనకిన్ని అన్నదమ్ముల వరసలు ఎలా కలిశాయో! మా తాతలు బుగతని 'బాబూ' అని పిలిచి కంబారితనం చేశారు. ఇప్పుడు 'అన్నా' అంటున్నాం, పిలుపు దగ్గరైంది. కానీ తమ్ముడి వాటా తమ్ముడికిచ్చి దాన్ని కానుక అనే అన్నని ఏ ఇంట్లో చూశారు?

2023 ఏప్రిల్‌లో ఇంటింటికీ వచ్చి తలుపుల మీద 'మా నమ్మకం నువ్వే జగన్' అని స్టిక్కర్లు అంటించారు. ఒక కుక్క ఆ స్టిక్కరు పీకేస్తున్న వీడియో ఊరంతా తిరిగింది. విజయవాడలో కొందరు మహిళలు వెటకారంగా ఆ కుక్క మీద పోలీసులకి ఫిర్యాదు కూడా ఇచ్చారు. ఇంటి వాళ్ళకి పీకే ధైర్యం లేనప్పుడు, పింఛనూ రేషనూ ఏమవుతాయోనన్న భయం లేని జీవి అదొక్కటే మరి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక ఉద్దానం రండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కిడ్నీలు పాడై మనుషులు పోతున్న నేల. తెలుగుదేశం పాలనలో అక్కడ పెట్టిన శుద్ధినీటి ప్లాంట్ల మీద 'ఎన్టీఆర్ సుజల'. తర్వాత హిరమండలం నుంచి 700 కోట్లతో పైపులేసి తెచ్చిన నీళ్ళ పేరు 'వైఎస్సార్ సుజలధార'. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, దానికీ వైఎస్సార్ పేరే. ఆసుపత్రి కావలసిందే, పైపులు అంతకన్నా ముందే కావలసింది. నేను కాదనను. కానీ డయాలసిస్ మంచం మీదున్న మనిషి తాగే గ్లాసుడు నీళ్ళకి కూడా ఎవరో ఒకరి నాన్న పేరో మామ పేరో ఉండాలా?

భూమి దగ్గర ఇంకా ముదిరింది. రీసర్వే పేరుతో పాతిన హద్దురాళ్ళ మీద పథకం పేరు, పాసు పుస్తకం అట్ట మీద ముఖ్యమంత్రి ఫొటో. మా పేటలో ఒక పెద్దాయన ఆ పుస్తకం అటూ ఇటూ తిప్పి అడిగాడు: "ఏట్రా అల్లుడూ, పెళ్ళికార్డు మీద పెళ్ళికొడుకు బొమ్ముండాల గాని పందిరేసినోడి బొమ్మేటి?" 2024లో ప్రభుత్వం మారాక కొత్త పుస్తకాల మీదకి రాజముద్ర వచ్చింది. మంచిదే. అయితే పుస్తకమే లేని వాళ్ళ సంగతి? వంగర మండలం లక్ష్మీపేట. మడ్డువలస రిజర్వాయరుకి సేకరించాక మునగకుండా మిగిలిన భూమిని మనవాళ్ళు దున్నుకున్నందుకు 2012 జూన్ 12న ఊళ్ళో పెత్తనమున్న కులం ఐదుగురు దళితుల్ని చంపింది. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం. జిల్లా మారింది, బోర్డు మారింది. ఆ ఐదుగురి పేర్లు ఏ పథకానికి పెట్టారో ఎవరైనా చెప్పండి.

పేర్ల విషయంలో మనకి రాలేదని కాదు, వచ్చిన ఒకటీ నిలబడనివ్వలేదు. విదేశాల్లో చదివే మన పిల్లలకి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉండేది. 2022లో అది 'జగనన్న విదేశీ విద్యాదీవెన' అయింది. లండన్‌లో, కొలంబియాలో చదివి వచ్చిన మనిషి పేరు తీసేసి! 2024లో మళ్ళీ ఆయన పేరు పెట్టారు. అదే ఊపులో బడి భోజనానికి డొక్కా సీతమ్మ, పుస్తకాల సంచికి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఇద్దరూ పెద్దవాళ్ళే. ఇద్దరూ ఏ అగ్రహారం వైపు నుంచి వచ్చారో కూడా గమనించండి. బడిపంతులుగా బతికిన జాషువా ఒక్క సంచికైనా పనికి రాలేదు.

అసలు విషయం ఇది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. ఒకటి ఎన్టీఆర్, ఒకటి అన్నమయ్య, ఒకటి శ్రీ సత్యసాయి, ఒకటి అల్లూరి. ఆ పేర్ల కోసం ఎక్కడా ఒక గడ్డివాము కూడా కాలలేదు. మే నెలలో కోనసీమకి అంబేద్కర్ పేరు చేరుస్తామనగానే అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు తగలబెట్టారు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. నీళ్ళ మీద, రాళ్ళ మీద, మన తలుపుల మీద ఎవరి పేరు రాసినా భరించిన రాష్ట్రం, రాజ్యాంగం రాసినాయన పేరు ఒక్క బోర్డు మీద భరించలేకపోయింది. అందుకే 'పేర్లలో ఏముంది, పని చూడండి' అని నాకు చెప్పకండి. ఏమీ లేకపోతే ఇళ్ళెందుకు కాలాయి?

ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది. ఆ డబ్బు మన పేటల్లో ఏ గోడకి చేరింది, ఏ ఫొటోకి చేరింది అన్న లెక్క పదో భాగంలో. ఈలోగా హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఒక పని చేయండి. మీ మంచినీళ్ళ ట్యాంకు మీద ఎవరి పేరుందో ఫొటో తీయండి. తర్వాత కుళాయి తిప్పి రెండో ఫొటో తీయండి. రెండూ నాకు పంపండి.