జవాబు రాని ప్రార్థనకూ సాక్ష్యం ఉంది

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం అంటే నాకు ఇష్టం. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని ఒకరు, కడుపులో గడ్డ కరిగిపోయిందని ఒకరు, ఏళ్ల తరబడి నలిగిన పొలం తగాదా తెగిందని ఇంకొకరు చెబుతుంటే సంఘమంతా స్తోత్రం అంటుంది. నేనూ అంటాను. కానీ ఒక సంగతి గమనించారా? ఉద్యోగం రానివాళ్లు, గడ్డ కరగనివాళ్లు అక్కడ లేచి నిలబడరు. చివరి ఆశీర్వాదం అవ్వగానే చెప్పులు వేసుకుని గబగబా వెళ్లిపోతారు. ఆగితే ఎవరో ఒకరు ఏమంటారో వాళ్లకు తెలుసు. "ఉపవాసం ఉన్నావా అమ్మా? ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకో. విశ్వాసం ఇంకా గట్టిగా ఉంచాలి."

ఈ మాట ప్రేమతోనే అంటారు. అయినా ఇది తప్పు మాటని నా అభిప్రాయం. కష్టం తీరిందా లేదా అన్నదాన్ని బట్టి మనిషి విశ్వాసాన్ని తూచకూడదు.

మాకు తెలిసిన ఒక అక్క ఉంది. భర్తకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్. తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసుకుంటుంది. ఉప్పు లేని కూర ఆయనకు, ఉప్పు వేసిన కూర పిల్లలకు వండుతుంది. ఆయన తాగే నీళ్లు కూడా గ్లాసుతో కొలిచి ఇస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ బస్సెక్కుతారు. ఏళ్లుగా ఇదే వరస. ఆయన బాగవలేదు, ఆవిడ ప్రార్థన మానలేదు. అలాంటి మనిషితో "నీ విశ్వాసం చాలడం లేదు" అనడానికి మనకు నోరెలా వస్తుంది? విశ్వాసం గురించి నేను ఎవరి దగ్గరైనా నేర్చుకోవాలంటే ఆవిడ దగ్గరే నేర్చుకుంటాను.

మనం చదివే బైబిలు కూడా ఈ తూకాన్ని ఒప్పుకోదు. యోబును చూడడానికి వచ్చిన ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేలమీద ఊరకే కూర్చున్నారు. అంతవరకు వాళ్లు చేసింది మంచి పనే. నోరు తెరిచి, నువ్వేదో పాపం చేసి ఉంటావు అనడంతోనే చెడింది. పుస్తకం చివర దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు అలాగే ఉంది, కృప మాత్రం దొరికింది. గెత్సేమనే తోటలో మన ప్రభువు కూడా ఆ గిన్నె తొలగిపోవాలని అడిగాడు. తొలగలేదు. ఆయన విశ్వాసం చాలలేదని ఎవరైనా అనగలరా?

మన తెలుగునాటే ఇంకో సంగతి ఉంది. 1876-78 నాటి కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. అక్కడ మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్లకు ఇవ్వకుండా ఆగమన్నారు. తిండి కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని ఆయన పట్టుదల. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులే. ఇక ఇక్కడ కూలి దొరకదు, గింజలు దొరకవు అని తెలిసి వచ్చినవాళ్లు వాళ్లు. మన ప్రాంతపు సంఘాలకు అలాంటి పునాది ఉంటే, ఇప్పుడు మనం "నమ్ము, నీకు ఇది దొరుకుతుంది" అని బేరం నేర్పితే ఎలా?

అయితే స్వస్థత కోసం అడగొద్దా అంటారేమో. తప్పకుండా అడగాలి. పిల్లాడికి జ్వరమొస్తే నేను మాత్ర వేస్తాను, మోకాళ్ల మీద కూడా ఉంటాను. విసుగు లేకుండా అడగమని ప్రభువే చెప్పాడు. నేను వద్దనేది, జవాబు రాని ఇంటి మీద నింద మోపడం. "ప్రార్థించాం కదా, మందులెందుకు" అని అసలే అనకూడదు. ఆ మాట ప్రాణం మీదకు తెస్తుంది.

ఇది పిల్లల పెంపకంతో కూడా ముడిపడిన విషయం. ప్రార్థన చేస్తే ర్యాంకు వస్తుందని పిల్లలకు చెబుతాం. ర్యాంకు రానినాడు వాళ్లు పుస్తకాలతో పాటు దేవుణ్ణి కూడా పక్కన పెడతారు. మా అమ్మ ఇలాంటివేమీ చెప్పేది కాదు. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మందిరానికని వేరే డబ్బాలో వేసేది. పంట పోయిన ఏడు కూడా వేసింది. ఆ ఏడు మాకు రాత్రిపూట జావే. దేవుడు ఏమిచ్చాడని వేస్తున్నావని నేను అడిగితే, "ఇచ్చినా ఇవ్వకపోయినా మనవాడే కదమ్మా" అంది. మళ్లీ పొయ్యి ఊదుకుంటూ కూర్చుంది. నాకు తెలిసిన భక్తి అదే.

కాబట్టి నా విన్నపం ఇది. సాక్ష్యాల సమయంలో ఇంకా బాగవనివాళ్లకు కూడా మైకు ఇవ్వండి. "ఇంకా తీరలేదు, అయినా ప్రభువును వదల్లేదు" అని ఒకరు చెబితే, అదే బాధలో ఉన్న పదిమందికి ఊపిరి అందుతుంది. కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు సలహాలు మూటగట్టుకుని వెళ్లకండి. కాసేపు కూర్చోండి. ఉపవాసం ఉన్నావా అని అడిగే బదులు, "ఆస్పత్రికి ఏయే రోజులు వెళ్తారు? ఆ రోజుల్లో పిల్లలకు క్యారేజీ నేను పంపిస్తాను, బడి నుంచి వచ్చాక మా ఇంట్లో ఉంటారు" అనండి. ప్రార్థన ఆ తర్వాత ఇద్దరూ కలిసి చేసుకోవచ్చు.