గల్లాలో ఉన్నా మనది కాని డబ్బు

పోయిన సంచికలో నామినేషన్ గురించి రాశాను. ఈసారి మాట సొంతంగా ప్రాక్టీసో, వ్యాపారమో చేసుకునే మనవాళ్ళ కోసం.

మా తోడల్లుడి కొడుకు డాక్టరు. హైదరాబాదులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ పన్ను జీతంలోనే కోసేసి మిగిలింది చేతికిచ్చేవారు. కొన్నేళ్ళ క్రితం హళ్ళిఖేడ్ (బి)లో సొంత క్లినిక్ పెట్టాడు. హస్తవాసి మంచిది, చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ వస్తారు. గల్లాలో పడిన ప్రతి రూపాయీ తనదే అనుకున్నాడు. కొత్త మంచాలు, ఇన్వర్టరు, చెల్లెలి పెళ్ళి. మార్చి రెండో వారంలో హుమ్నాబాద్ ఆడిటరు పన్ను ఎంతో చెప్పేసరికి ఖాతాలో అందులో సగం కూడా లేదు. కోడలు చేతి గాజులు తీసి మా బ్రాంచిలో తాకట్టు పెట్టింది. "పెదనాన్నగారూ, ఏడాది పొడుగునా ఒక్కరూ చెప్పలేదండీ" అన్నాడు వాడు. జీతమిచ్చేవాడు లేనప్పుడు చెప్పేవాడు మాత్రం ఎక్కడుంటాడు?

ఇప్పటి లెక్క చూద్దాం. డాక్టరుకు ఏడాదికి 30 లక్షలు వసూలైతే, అంచనా పద్ధతిలో సగం, అంటే 15 లక్షలు ఆదాయంగా చూపవచ్చు. 2025-26 కొత్త విధానం రేట్ల ప్రకారం సెస్సుతో కలిపి పన్ను 1,09,200 రూపాయలు. అంటే వసూళ్ళలో వందకు నాలుగు రూపాయల లోపే! రోజూ తీస్తే తెలియనే తెలియదు, మార్చిలో ఒక్కసారి తీయాలంటే గాజులదాకా వస్తుంది. అయితే ఈ నాలుగు అందరికీ వర్తించదు. వసూళ్ళు 20 లక్షలైతే పన్నే లేదు, 40 లక్షలైతే వందకు అయిదు దాటుతుంది.

అంచనా పద్ధతివారు మొత్తం మార్చి 15 లోగా కట్టవచ్చు. పుస్తకాలు రాసి అసలు లాభం చూపేవారు మాత్రం జూన్ 15కు 15 శాతం, సెప్టెంబరు 15కు 45, డిసెంబరు 15కు 75, మార్చి 15కు నూరు శాతం కట్టి ఉండాలి. తప్పితే నెలకు 1 శాతం వడ్డీ.

బ్యాంకువాణ్ణి కనుక రికరింగ్ డిపాజిట్ చెయ్యమంటాననుకుంటారు. అననులెండి. వానాకాలం జ్వరాలప్పుడున్న రాబడి ఎండాకాలం ఉండదు, వాయిదా తప్పుతుంది. వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, శనివారం శనివారం ఆ వారం వసూళ్ళలో ఆ వాటా అందులో వేయండి. దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి.

మా వాడికి ఇంకో చిక్కుండేది. నాన్నగారి చెరకు డబ్బూ అదే ఖాతాలో పడేది. వ్యవసాయాదాయానికి పన్ను లేదు, కానీ ఏది చెరకో ఏది ఫీజో విడదీయడానికి ఆడిటరుకు వారం పట్టింది. 2025 జూలైలో మన కర్ణాటకలో యూపీఐ జమలు చూసి చిన్న వర్తకులకు జీఎస్టీ నోటీసులిచ్చినప్పుడు ఎంతోమంది క్యూఆర్ బోర్డులు పీకేశారు. బోర్డు పీకడం కంటే, దుకాణానికొక ఖాతా, ఇంటికొక ఖాతా పెట్టుకోవడం తేలిక. జీఎస్టీ వసూలు చేసే దుకాణదారులకైతే ఆ పన్ను మొదటినుంచీ సర్కారుదే. కొత్త సరుకు అందులోంచి కొనకండి.

మా కోడలు గాజులు విడిపించుకుంది. శనివారం ఖాతా పాసుబుక్కు ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉంటుంది. మా వాడడిగినా ఇవ్వదు.