వెనక్కి తిప్పిన గైడుకి కూలి ఇస్తామా?

గ్లేసియర్ మీద నడవడానికి గైడు దండగ అన్నమాట ఈ మధ్య నలుగురైదుగురి నోట విన్నాను. అందరూ చదువుకున్నవాళ్ళే. నాలాగే పొద్దున్నే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగేవాళ్ళే. దారి యూట్యూబ్‌లో ఉంది, మ్యాపు ఫోన్లో ఉంది, బూట్లకి కట్టుకునే ఇనుప ముళ్ళు అద్దెకి దొరుకుతాయి, మరి మధ్యలో ఈ మనిషికి అన్ని వేలు ఎందుకు పొయ్యాలి అని వాళ్ళ వాదన. ఇంకో రకం వాళ్ళు కూడా ఉన్నారు. డబ్బులు కట్టాం, గైడు ఉన్నాడు, ఇక అంతా ఆయనే చూసుకుంటాడు అనుకునేవాళ్ళు. నా మటుకు నాకు ఈ రెండూ ఒకే పొరపాటులో రెండు ముక్కలు అనిపిస్తాయి. గైడు దేనికి ఉన్నాడో ఇద్దరికీ పట్టలేదు. కాస్త ఓపిక పట్టి చదివితే నా గోల ఏమిటో చెప్తాను :)

గ్లేసియర్‌ని మన స్కూలు పుస్తకాల్లో హిమానీనదం అన్నారు. పేరు పెట్టినవాళ్ళెవరో గానీ సరిగ్గా పెట్టారు, అది నిజంగా నదే. ఏళ్ళ తరబడి కురిసిన మంచు తన బరువుకి తానే నొక్కుకుపోయి ఐసుగా మారి, కొండవాలు వెంట మెల్లగా కిందికి జారుతూ ఉంటుంది. వాలు పెరిగిన చోట, వంపు తిరిగిన చోట ఆ ఐసు పగులుతుంది. ఆ పగుళ్ళలో పదుల మీటర్ల లోతున్నవి ఉంటాయి. వాటి మీద కొత్త మంచు పడిందంటే పైనుంచి చూడ్డానికి అంతా చదునుగా, తెల్లగా, ఫోటో తీసుకోడానికి వీలుగా కనిపిస్తుంది.

మా అల్మాస్‌గూడ వాళ్ళకి ఈ సంగతి చెప్పడం తేలిక. పెద్ద వాన పడితే సందులో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో కొత్తవాడికి తెలియదు. ఆ మూల మీద కిరాణా కొట్టాయన ఒక చెట్టుకొమ్మ విరిచి అందులో గుచ్చి, "అటు పోకు తమ్మీ, గుంత ఉంది" అని అరుస్తాడు. ఫోన్లో మ్యాపు మాత్రం ఆ సందు గుండానే పొమ్మంటుంది. ఆ కొట్టాయనే మనకి గైడు. తేడా ఒకటుంది. మ్యాన్‌హోల్ నిన్న ఉన్న చోటే ఇవాళా ఉంటుంది, గ్లేసియర్ మీద పగులుకి ఆ నిలకడ లేదు. అందుకే పోయినేడాది వీడియో చూసి ఈ ఏడాది దారి పట్టుకోవడం కుదరదు.

కిందటేడు ఆఫీసు పని మీద రెండు నెలలు డెన్మార్క్‌లో ఉన్నాను. సెప్టెంబర్లో నాలుగు రోజులు సెలవు కలిసొస్తే నేనూ, నాతో పనిచేసే మన వరంగల్ తమ్ముడూ ఐస్‌లాండ్ వెళ్ళి సోల్‌హేమాయోకుల్ అనే గ్లేసియర్ మీద గైడుతో నడిచే టూరు తీసుకున్నాం. రాజధాని రేక్యవిక్ నుంచి దక్షిణ తీరం వెంట రెండు గంటల దారి. మీర్దల్స్‌యోకుల్ అనే పెద్ద మంచు టోపీ నుంచి కిందికి చాచిన నాలుక అది. ఆ టోపీ కింద కట్లా అనే అగ్నిపర్వతం ఉంది. ఐసు అంటే తెల్లగా మెరుస్తుందనుకుని వెళ్తే, అంచంతా నల్లటి బూడిద. దగ్గర్లోని హ్వోల్స్‌వోల్లూర్ ఊరి బడిపిల్లలు 2010 నుంచి ఏటా వచ్చి ఐసు అంచు ఎంత వెనక్కి పోయిందో కొలుస్తున్నారట. ఒకప్పుడు ఐసు ఉన్న చోట ఇప్పుడు చెరువు నిలిచింది. వాళ్ళ లెక్కల పుస్తకంలో నిజంగా పనికొచ్చే లెక్క అది.

మాది ఎనిమిది మంది జట్టు. గైడు మాకంటే చిన్నమ్మాయి, పాతికేళ్ళు ఉంటాయేమో. హెల్మెట్ పెట్టించింది, నడుముకి పట్టీ కట్టించింది, ముళ్ళు కట్టుకుని ఎలా నడవాలో చూపించింది (పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి, కాళ్ళు కాస్త ఎడంగా పెట్టాలి, లేకపోతే మన ముళ్ళు మన ప్యాంటుకే తగులుకుంటాయి). ఒకరి వెనక ఒకరు. ముందురోజు చెక్కిన మెట్లు కరిగిపోతే గొడ్డలితో మళ్ళీ చెక్కుకుంటూ పోయింది. మూడు గంటల నడక అన్నారు. గంటంపావు అయ్యేసరికి గాలి విసుర్లు మొదలయ్యాయి. ఆ అమ్మాయి ఆగి, రేడియోలో ఏదో మాట్లాడి, ఇక వెనక్కి అంది.

ఎండ ఫెళ్ళున కాస్తోంది. మా తమ్ముడు, "అన్నా, ఇంకో అరగంట పోదామని అడుగు, ఇంత దూరం వచ్చి..." అని నా చెవిలో నస. నేను అడగలేదు, వాడే అడిగాడు. ఆ పిల్ల నవ్వుతూనే కుదరదంది. వాడు ఇంకోసారి అడిగాడు, ఇంకోసారి నవ్వుతూనే కుదరదంది. అంతే, దిగిపోయాం. పార్కింగ్ దగ్గర ముళ్ళు విప్పుతూ, ఇలా మధ్యలో తిప్పేస్తే మీకేమైనా నష్టమా అని అడిగాను. "నా జీతం నాకొస్తుంది, పైకి వెళ్ళినా వెళ్ళకపోయినా" అంది.

ఆ టూరు మొత్తంలో నాకు పనికొచ్చిన మాట అది. నేను కట్టిన డబ్బులో మెట్లు చెక్కినందుకు కొంత, ముళ్ళ అద్దెకి కొంత పోయి ఉంటుంది. అసలు భాగం మాత్రం నాకు "వద్దు" చెప్పగలిగే మనిషి కోసం. మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు. రిలీజ్‌కి ముందు గో, నో-గో అని ఒక మీటింగ్ పెట్టేది, ఎవరో ఒకరికి ఆపే హక్కు ఇవ్వడానికే కదా. ఆ టెస్టరు బోనస్‌ని రిలీజ్ తేదీకి ముడిపెట్టి చూడండి, ఏ బగ్గూ కనపడదు. శుక్రవారం రాత్రి డిప్లాయ్ చేసి శనివారం ఏడ్చినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

మరి మన దగ్గర ఏం చేస్తున్నాం? గంగోత్రి నుంచి గోముఖ్ దాకా పద్ధెనిమిది కిలోమీటర్ల నడక. గంగోత్రి గ్లేసియర్ మూతి అక్కడే ఉంది, భాగీరథి అక్కడినుంచే బయటికొస్తుంది. దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తు. రోజుకి ఇంతమందే అని అటవీ శాఖ పర్మిట్ ఇస్తుంది. చార్‌ధామ్‌కి వెళ్ళిన మనవాళ్ళు కూడా ఓపిక ఉంటే అటు వెళ్తుంటారు. గోముఖ్ దాటి తపోవనం చేరాలంటే గ్లేసియర్ మీదుగా, రాళ్ళూ మట్టీ కప్పేసిన ఐసు మీదుగా పోవాలి. కింద ఐసు ఉందని కూడా తెలియని నేల అది. అలాంటి చోటికి తీసుకెళ్ళే మనిషితో మనం కోఠీలో చొక్కా బేరమాడినట్టు బేరమాడతాం. రోజుకింత అని ఒప్పుకుని, పైకి చేరితే బక్షీస్ అంటాం. సగంలో తిప్పేస్తే బక్షీస్ లేదు, రెండో రోజు కూలీ లేదు, పైగా ఫోన్లో ఒక్క స్టార్ ఇచ్చి "భయస్తుడు" అని రాస్తాం. సీజను నాలుగైదు నెలలు. ఆ కూలితోనే ఏడాదంతా ఇల్లు గడవాలి. ఇక ఆయన "వద్దు" అని ఎలా అంటాడండీ?

చిత్రమేమిటంటే మనకి ఈ పద్ధతి తెలియక కాదు. మా వైపు బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు చూసే ఆయన వస్తాడు. ఆయన చూపించిన చోట నీళ్ళు పడినా పడకపోయినా డబ్బులు ఇస్తాం. కొబ్బరికాయకిచ్చిన గౌరవం కొండ తెలిసిన మనిషికి ఇవ్వలేమా?

ఈ బేరం ఎక్కడిదాకా పోతుందో 2014లో ఎవరెస్ట్ దగ్గర కనపడింది. ఆ ఏడాది ఏప్రిల్ 18న ఖుంబు ఐస్‌ఫాల్ మీద, అంటే గ్లేసియర్ నిటారుగా విరిగిపడే చోట, పైనుంచి ఐసు పెళ్ళలు కూలి 16 మంది చనిపోయారు. అందరూ నేపాలీ పనివాళ్ళే. డబ్బు కట్టి ఎక్కేవాళ్ళ కోసం సామాన్లు మోస్తున్నవాళ్ళు. ప్రభుత్వం మొదట ఒక్కో కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు ప్రకటించింది. షెర్పాలు మండిపడ్డారు, ఈ ఏడాది ఇక ఎక్కేది లేదన్నారు. నేపాల్ వైపు సీజను దాదాపు మొత్తం ఆగిపోయింది. లక్షల డాలర్ల వ్యాపారం వాళ్ళ ఒక్క "వద్దు" మాటకి ఆగింది. అందరూ కలిసి అన్నారు కాబట్టే ఆగింది. ఒక్కడు అని ఉంటే మర్నాడు ఇంకొకడిని పెట్టుకునేవాళ్ళు.

అదే ఏడాది ఐదు వారాల తర్వాత, మే 25న, టిబెట్ వైపు నుంచి మన నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి నెలల తరబడి నేర్చుకుని, కోచ్‌తో, షెర్పాలతో కలిసి ఎక్కారు. గైడు ఉంటే అది గొప్ప కాదు అనేవాళ్ళకి ఇంతకంటే జవాబు ఏం కావాలి?

మల్లి మస్తాన్‌బాబు సంగతేమిటి అని ఎవరో అడుగుతారని తెలుసు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం నుంచి వచ్చి, ఐఐటీ, ఐఐఎం చదివి, కొన్నాళ్ళు మనలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు 172 రోజుల్లో ఎక్కినాయన. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ ఆచూకీ లేకుండా పోయారు. ఏప్రిల్లో గానీ ఆయన దేహం దొరకలేదు. ఆయన చేసింది తప్పో ఒప్పో చెప్పే అర్హత నాకు లేదు. ఆయన తనకు తానే గైడు కాగలిగిన మనిషి. అంతటి మనిషికే అలా జరిగింది. మూడు రోజుల సెలవు పెట్టి వెళ్ళే మనం ఆయన పేరు చెప్పి గైడు అక్కర్లేదంటే నవ్విపోతారు.

ఇక రెండో రకం వాళ్ళ దగ్గరికొస్తా. గైడు ఉంటే చాలు అనేవాళ్ళు. 2024 ఆగస్టు 25న అదే ఐస్‌లాండ్‌లో బ్రేదామెర్కుర్‌యోకుల్ అనే గ్లేసియర్ దగ్గర గైడుతో వెళ్ళిన జట్టు మీద ఐసు కూలింది. ఒక అమెరికా యాత్రికుడు చనిపోయాడు, అతనితో ఉన్న ఆమెకి దెబ్బలు తగిలాయి. ఎండాకాలంలో మంచుగుహల వైపు జనాన్ని తీసుకెళ్ళడం ఏమిటని అక్కడ పెద్ద గొడవే జరిగింది. గైడు ఉన్నాడు, కానీ "ఈ కాలంలో ఈ టూరే వద్దు" అని అమ్మకానికి ముందు అనాల్సినవాళ్ళు అనలేదు. మనకి దగ్గరి ఉదాహరణ కావాలంటే 2014 జూన్ 8. గ్లేసియర్ కాదు, బియాస్ నది. లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. టూరు తరఫున వెంట వెళ్ళినతను కూడా పోయాడు. తప్పు నీళ్ళు వదిలినవాళ్ళది, అందులో సందేహం లేదు. కానీ వెంట ఒక మనిషి ఉండటం వేరు, ఆ నీటి సంగతి తెలిసిన మనిషి ఉండటం వేరు అని కూడా ఆ రోజు తెలిసింది.

కాబట్టి నేను చెప్పేది సింపుల్. గైడుని పెట్టుకోండి. మాట్లాడుకునేటప్పుడే, పైకి చేరినా సగంలో తిప్పినా మొత్తం రోజుల కూలి ఇస్తామని చెప్పండి. వీలైతే బక్షీస్ కూడా ముందే ఇచ్చేయండి. టూరు కంపెనీ అయితే, వెనక్కి తిప్పాలో వద్దో ఎవరు తేలుస్తారు, అలా తిప్పితే గైడు జీతం కోస్తారా, ఆయనకి బీమా ఉందా అని అడగండి. ఈ మూడింటికీ తిన్నగా జవాబు చెప్పనివాళ్ళతో వెళ్ళకండి, ఎంత చవగ్గా ఇచ్చినా సరే. సగంలో తిప్పిన గైడుకి ఐదు స్టార్లు ఇచ్చి, ఎందుకు తిప్పాడో రెండు ముక్కలు రాయండి. తర్వాత వెళ్ళేవాళ్ళకి అందమైన ఫోటోల కంటే అదే ఎక్కువ ఉపయోగం.

ఇలా చేస్తే ఖర్చు కొంత పెరుగుతుంది, నిజమే. మనిషికి రెండు మూడు వేలు పెరగొచ్చేమో. వారాంతంలో ఒక సినిమా, ఒక బిర్యానీ, ఒక క్యాబు మానేస్తే సరిపోయే లెక్క. "చవగ్గా కుదిరాడు" అని సంబరపడే ముందు, కుదిరిన ఆ మనిషి మనల్ని ఆపగలడా అని ఒక్కసారి ఆలోచించుకోండి. మీరెప్పుడైనా వెనక్కి తిప్పిన గైడుకి పూర్తి కూలి ఇచ్చారా? ఇచ్చి ఉంటే ఆ సంగతి నలుగురికీ చెప్పండి, మిగతావాళ్ళకీ అలవాటవుతుంది.