గోడ ప్లగ్గులో ఉన్న కంప్యూటర్‌కు కునుకెందుకు?

పక్క గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి ‘ఎల్ఎస్’ అని రెండక్షరాల కమాండ్ కొడతాడు. ‘ఎల్’ తెరమీద పడుతుంది. ‘ఎస్’ పడదు. నొక్కలేదేమోనని ఇంకోసారి నొక్కేసరికి రెండు ‘ఎస్’లూ ఒక్కసారే వచ్చిపడతాయి. అతను దూరంనుంచి లాగిన్ అయిన చిన్న కంప్యూటర్, హాల్లో టీవీ వెనక ఉన్న రాస్ప్‌బెర్రీ పై జీరో డబ్ల్యూ పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. రౌటర్ దానికి మూడడుగుల దూరంలో ఉంది, సిగ్నల్ నిండుగా ఉంది. పింగ్ పెట్టి చూస్తే ఒక జవాబు 5 మిల్లీసెకన్లకే వస్తుంది, తర్వాతిది 90కి, ఆ పైది 140కి. కాసేపటికి అసలు జవాబే ఉండదు.

ఇలాంటప్పుడు మొదటి అనుమానం రౌటర్ మీదికి పోతుంది. దాన్ని ఆపి మళ్లీ వేస్తారు, చోటు మారుస్తారు, చివరికి రిపీటర్ కొంటారు. మెమరీ కార్డు చెడిపోయిందనుకుని సిస్టమ్ మొత్తం మళ్లీ ఎక్కించేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు అసలు కారణం ఒక్క మాటలో ఉంటుంది: పొదుపు. ఆ చిన్న కంప్యూటర్‌లోని వైఫై రేడియో కరెంటు ఆదా చేయడానికి మాటిమాటికీ కునుకు తీస్తుంటుంది.

రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల ధరతో వచ్చింది. తొలి బోర్డుల్లో వైఫై లేదు. కావాలంటే యూఎస్‌బీలో డాంగిల్ గుచ్చుకోవాల్సిందే. సరిగ్గా నాలుగేళ్లకు, 2016 ఫిబ్రవరి 29న వచ్చిన పై 3తో వైఫై బోర్డు మీదికే చేరింది. మరుసటేడు 10 డాలర్లకే జీరో డబ్ల్యూ వచ్చింది. పొడవు 65 మిల్లీమీటర్లు, వెడల్పు 30. తీగతో నెట్‌వర్క్‌కు కలిపే సాకెట్ దానికి లేనే లేదు. అంటే బయటి ప్రపంచంతో దానికున్న దారి వైఫై ఒక్కటే. ఆ దారిలోనే కునుకు.

కునుకు సంగతి కాస్త వివరంగా చూడాలి. రౌటర్ సెకనుకు దాదాపు పదిసార్లు, సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకోసారి, ‘నేనున్నాను’ అని ఒక సంకేతం పంపుతుంది. దాన్నే బీకన్ అంటారు. పొదుపులో ఉన్న పరికరం ‘కాసేపు పడుకుంటున్నా’ అని రౌటర్‌కు ముందే చెప్పి రేడియో ఆపేస్తుంది. ఆ వ్యవధిలో దానికొచ్చిన డేటాను రౌటర్ తన దగ్గరే దాచి ఉంచుతుంది. ఎవరి పేరిట సరుకు నిలిచి ఉందో బీకన్‌లో జాబితా వేస్తుంది. పరికరం మేల్కొని జాబితాలో తన పేరుంటేనే అడిగి తెచ్చుకుంటుంది. ఊళ్లో లేనివాళ్ల ఉత్తరాలు పోస్టాఫీసులో అట్టిపెట్టినట్టే.

జేబులో ఫోన్‌కు, ఒళ్లో ల్యాప్‌టాప్‌కు ఇది చక్కటి ఏర్పాటు. అక్కడ మాట కలిపేది మనిషి. పేజీ అడిగేదీ, వీడియో తెమ్మనేదీ ఆ పరికరమే కాబట్టి అడిగే క్షణానికి రేడియో మేలుకునే ఉంటుంది. ఇంట్లో పై చేసే పని దీనికి తలకిందులు. అది ఎవరినీ పిలవదు, పిలిస్తే పలకడానికే ఉంటుంది. ప్రింటర్‌ను ఇంటిల్లిపాదికీ పంచేదీ, పై-హోల్ వేసుకుని ప్రకటనలను వడగట్టేదీ, వాకిట్లో కెమెరా బొమ్మలు అందించేదీ అదే. పిలుపుకోసమే ఉన్న యంత్రం ప్రతి పిలుపుకూ ముందు నిద్రలేవాల్సి వస్తోంది. పై-హోల్ నడిచే ఇంట్లోనైతే ఎవరు ఏ వెబ్‌సైట్ తెరిచినా చిరునామా అడగడం దాని గడపలోంచే పోవాలి. ఒక్క రేడియో కునికితే ఇంట్లో ఫోన్లన్నీ నత్తనడక నడుస్తాయి.

చిత్రమేమిటంటే, పై కే మానిటర్, కీబోర్డు తగిలించి దానిమీదే నెట్ చూస్తే జబ్బు కనపడదు. అందుకే ఇది ఇన్నాళ్లు ఇంతమందిని తిప్పలు పెట్టింది.

ఈ పొదుపు ఎవరో పొరపాటున వదిలేసింది కాదు. పైని నడిపేది లైనక్సే. దాని కెర్నెల్ తయారుచేసేటప్పుడు ఎంచుకునే అంశాల్లోనే వైఫై పొదుపు అప్రమేయంగా ‘అవును’ అని ఉంటుంది. దానివల్ల అప్లికేషన్లకు ఇబ్బంది వస్తే అప్లికేషన్లనే సరిచేసుకోవాలనీ, ఎంత ఆలస్యాన్ని ఓర్చుకోగలవో అవే చెప్పాలనీ అక్కడి వివరణ సారాంశం. లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు కూడా, కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్‌కు ‘పొదుపు పాటించు’ అని ఒక ఫైలు ముందే రాసి ఇస్తుంది.

కెర్నెల్ రాసేవాళ్ల వాదనలో న్యాయం లేకపోలేదు. కోట్ల పరికరాలు తలా కాస్త ఆదా చేస్తే అది పెద్ద మొత్తమే. అయితే బ్యాటరీ లేని యంత్రానికీ అదే సూత్రం అంటగట్టడం సరికాదు. రేడియో పూర్తిగా మేలుకుని ఉండటానికి అదనంగా పావు వాటు ఖర్చవుతుందనే అనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు. మొత్తం కలిపి రెండు యూనిట్ల పైచిలుకు. ఈ జబ్బు పోతుందని కొన్న రిపీటర్ ఒక్కటే ఇరవై నాలుగ్గంటలూ ప్లగ్గులో ఉండి ఏడాదికి అంతకు ఎన్నో రెట్లు తాగుతుంది. ఏ ఆదా కోసం ఇదంతా?

సరైన పద్ధతి ఎలా ఉండాలో లైనక్స్‌లోనే ఉదాహరణ ఉంది. ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన టీఎల్‌పీ అనే ఉపకరణం, కరెంటు తగిలించి ఉంటే వైఫై పొదుపు ఆపేస్తుంది, బ్యాటరీ మీదికి మారగానే మొదలుపెడుతుంది. ఆండ్రాయిడ్‌లోనూ ఆలస్యం పనికిరాని యాప్ వైఫైని చురుగ్గా ఉంచమని అడిగే వీలుంది. పొలంలో సోలార్ పలకతో, బ్యాటరీతో నడిచే సెన్సర్‌కు కునుకు ఉండాల్సిందే. హాల్లో ప్లగ్గుకు అక్కర్లేదు.

ప్రతి వైఫై తంటాకూ ఇదే మందు అనుకోకూడదు. పై 3కి 5 వోల్టులు, 2.5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. పాత ఫోన్ చార్జర్ పెడితే వోల్టేజి పడిపోయి తెరమీద మెరుపు గుర్తు కనిపిస్తుంది. జీరో డబ్ల్యూకి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే దిక్కు, అపార్ట్‌మెంట్లలో ఆ బ్యాండ్ సంతలా ఉంటుంది. కాబట్టి ముందు ‘ఐడబ్ల్యూ’ కమాండ్‌తో డబ్ల్యూల్యాన్0 (అంటే వైఫై) మీద పవర్ సేవ్ ఆపి, పది నిమిషాలు పింగ్ చూడాలి. అంకెలు నిలకడగా ఒక అంకె దగ్గరే ఆడుతుంటే దొంగ దొరికినట్టే.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రాత్రి కరెంటు పోయి వస్తుంది, తెల్లారేసరికి ఎక్కడి గొంగళి అక్కడే. ఆ కమాండ్ ప్రభావం నడుస్తున్న డ్రైవర్‌కే పరిమితం, మెమరీ కార్డు మీద ఎక్కడా నమోదు కాదు. యంత్రం లేవగానే ఓసారి నడిచేలా స్క్రిప్ట్ రాసుకునేవాళ్లకూ పూర్తి భరోసా లేదు. నెట్‌వర్క్‌మేనేజర్ కనెక్షన్ కలిపేటప్పుడు తనకు రాసి ఉన్నదాన్నే మళ్లీ అమలు చేయగలదు. అందుకే మార్పు దాని చిట్టాలోనే ఉండాలి. ‘ఈటీసీ’ ఫోల్డర్‌లో నెట్‌వర్క్‌మేనేజర్, దాని లోపల కాన్ఫ్.డీ. అక్కడ ఒక చిన్న ఫైలు పెట్టి, కనెక్షన్ అన్న శీర్షిక కింద వైఫై పవర్‌సేవ్ విలువ 2 అని రాయాలి. 3 అంటే పొదుపు చేయమని, 2 అంటే వద్దని. తర్వాత యంత్రాన్ని ఆపి వేసి, పొదుపు ఆఫ్‌లోనే ఉందో లేదో చూసుకోవాలి. 2023 అక్టోబర్‌లో వచ్చిన బుక్‌వార్మ్ నుంచి రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ అప్రమేయంగా నెట్‌వర్క్‌మేనేజర్‌నే వాడుతోంది కాబట్టి కొత్తగా ఎక్కించుకున్నవాళ్లకు ఈ దారి చాలు. అంతకు ముందుదైతే సిస్టమ్‌డీలో ఒక చిన్న సర్వీసు రాసుకోవాలి.

ఇదంతా తెలిసినవాళ్లకు రెండు నిమిషాల పని. తెలియనివాళ్ల సంగతే బాధ కలిగిస్తుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టులకు ఈ బోర్డులు కొత్త కాదు. పరీక్షకులు ఎదురుగా కూర్చున్నప్పుడు సెన్సర్ పలకకపోతే విద్యార్థి తన కోడ్‌నే తప్పుపట్టుకుంటాడు. రాత్రంతా తప్పులేని చోట తప్పు వెతుకుతాడు.

మెమరీ కార్డులోకి ఓఎస్ ఎక్కించే రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ ఇప్పటికే చాలా అడుగుతోంది: కంప్యూటర్ పేరు, యూజర్ పేరు, వైఫై పాస్‌వర్డు, ఏ దేశం, దూరంనుంచి లాగిన్ కావాలా వద్దా అని. దూరంనుంచి లాగిన్ కావాలన్నవాళ్లకు ఆ గడి కిందే ఇంకో గడి పెట్టాలి: ‘ఈ యంత్రం బ్యాటరీ మీద నడుస్తుందా?’ కాదంటే ఆ 2 అన్న అంకెను ఇమేజరే రాసి పెట్టాలి.