పట్టిన చోటే వదలాలట!

పోయిన నెల ఫండు కాగితాల గురించి రాస్తే చాలామంది దారిలో ఆపి మాట్లాడారు. ఈ నెల కుక్కల గురించి రాస్తున్నాను. నవ్వకండి. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. అది చెప్పుకుంటే మీలో ఒక్కరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

వర్లీలో మా చాళ్ వెనక చెత్తకుండీ దగ్గర ఐదారు కుక్కలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు రాణి. నల్లది, మెడ కింద తెల్లమచ్చ. మా ఇంటామె రాత్రి మిగిలిన రొట్టె దానికే వేస్తుంది. వానాకాలం మొదట్లో ఒక సోమవారం సాయంత్రం, ట్యూషన్ నుంచి వస్తున్న మా పైఅంతస్తు పిల్లను ఒక కుక్క పిక్క మీద కరిచింది. తొమ్మిదేండ్ల పిల్ల. తండ్రి దుబాయిలో ఉన్నాడు. తల్లి నాలుగిండ్లలో వంట చేస్తుంది.

చాళ్ అంతా గోల. ఒకామె పసుపు తెచ్చింది. ఒకాయన కారం పెట్టమన్నాడు. ఇంకొకాయన సున్నం అన్నాడు. పక్క ఖోలీ కోడలు నర్సు పని నేర్చిన పిల్ల. అందర్నీ పక్కకు జరిపి, నల్లా కింద కాలు పెట్టించి, సబ్బుతో పావుగంట కడిగింది. ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ రోజు అందరికంటే తెలివైన పని చేసింది ఆ పిల్లే.

తెల్లారి చాళ్‌వాళ్లంతా నా దగ్గరికి వచ్చారు. “కాకా, యూనియన్ల అర్జీలు రాసినోడివి, నువ్వే రాయాలె” అన్నారు. రాశాను. “మా చాళ్‌లో కుక్కలు ఎక్కువైనాయి, పిల్లలను కరుస్తున్నాయి, అన్నిటినీ తీసుకుపోవాలి” అని రాసి, ముప్పైరెండు సంతకాలు పెట్టించి వార్డు ఆఫీసులో ఇచ్చాను. ఆ “అన్నిటినీ” అన్న మాటే నా తప్పు. ఎందుకో చెబుతాను.

గురువారం పొద్దున బండి వచ్చింది. ఇద్దరు మనుషులు, వల. కరిచిన కుక్క గోధుమరంగుది, తోక సగం తెగినది. అది బండి చప్పుడు వింటూనే గోడ దూకి పోయింది. మనిషిని నమ్మిన రాణి మాత్రం తోక ఊపుకుంటూ వాళ్ల కాళ్ల దగ్గరికే వచ్చింది. దాన్నీ, ఒక కుంటి ముసలి కుక్కనూ తీసుకుపోయారు. మా ఇంటామె మెట్ల మీద నిలబడి చూసింది. ఆ రాత్రి నాకు అన్నం పెట్టి లోపలికి పోయింది. ఆమెకు కోపం వస్తే తిట్టదు. మాట్లాడదు, అంతే.

ఆమె భయం నాకు తెలుసు. మా చిన్నతనంలో బండి ఎక్కిన కుక్క మళ్లీ కనిపించేది కాదు. 1994 దాకా ముంబైలో వీధికుక్కలను పట్టి చంపడమే పద్ధతి. పిల్లలం బండి వెనక ఉరికేవాళ్లం. కొంచెం పెద్దయ్యాక ఉరకడం మానేశాం.

అదే గురువారం పిల్లకు రెండో సూది. తిరిగొచ్చి తల్లి నా ఖోలీ ముందు నిలబడింది. “డాక్టరు అడుగుతుండు కాకా, కరిచిన కుక్క బతికే ఉందా, పది రోజులు చూస్తున్నరా అని. గది బండిల పోయిందా?” నా నోట మాట రాలేదు. పట్టాల్సిన కుక్క తప్పించుకుంది. నా అర్జీలో దాని రంగు లేదు, తోక సంగతి లేదు, ఎక్కడ కరిచిందో లేదు. “అన్నిటినీ” అని రాసిన కాగితానికి, దొరికినవాటిని పట్టుకుపోయారు. వాళ్ల తప్పేముంది?

శుక్రవారం మళ్లీ పోయాను. ఈసారి సరిగ్గా రాశాను. తేదీ, వేళ, చెత్తకుండీకి ఎదురుగా ఏ మలుపులో, గోధుమరంగు, మగది, సగం తోక, పొద్దున ఏడింటికి టీ బండి దగ్గర పడుకుంటుంది అని. మంగళవారం అదే టీ బండి దగ్గర దాన్ని పట్టుకున్నారు. విడిగా ఉంచి చూశారు. దానికి పిచ్చి లేదని తేలింది. తేలేదాకా ఆ తల్లి నిద్రపోలేదు. సూదులు మాత్రం డాక్టరు చెప్పినన్నీ, చెప్పిన తేదీల్లోనే వేయించాం. ఆమెకు పనికి సెలవు దొరకని రోజు పిల్లను నేనే తీసుకుపోయాను.

ఇక రాణి లేని రోజుల ముచ్చట. అది పోయిన రెండో రాత్రికే మార్కెట్ వైపు నుంచి కొత్త కుక్కలు మూడు వచ్చాయి. చెత్తకుండీ దగ్గర రాత్రంతా కొట్లాట. పాలవాణ్ణి తరిమాయి. నాకు మిల్లు గేటు గుర్తొచ్చింది. మొదటి పాళీ భోంగా కూయకముందే గేటు దగ్గర బద్లీవాళ్లు నిలబడేవారు కదా. ఒక పర్మనెంటు మనిషి రాకపోతే ఆ సాంచా ఖాళీగా ఉండదు, పదిమంది తోసుకుంటారు. కుక్కలదీ అంతే. చెత్తకుండీలో తిండి ఉన్నంతకాలం ఒక కుక్క జాగా ఖాళీ అయితే ఇంకోటి వస్తుంది. పాతదానికి మన మొఖాలు తెలుసు. కొత్తదానికి తెలియదు.

బుధవారం బండి మళ్లీ వచ్చింది. రాణినీ కుంటిదాన్నీ దించింది. రాణి చెవి కొస కొంచెం కత్తిరించి ఉంది. చాళ్ జనం బండిని చుట్టుముట్టారు. “తీసుకపొమ్మంటే తిరిగి తెస్తరా?” నేనూ అరిచాను, దాచుకోను. బండి మనిషి చిన్నవాడు, ఓపికగా చెప్పాడు. “కాకా, ఆపరేషన్ అయింది, రేబిస్ సూది వేసినం. పట్టిన చోటే వదలాలె. కాయిదా.” ఒక పుస్తకం తీసి చూపించాడు. ఏ రోజు, ఏ చోట, ఆడదా మగదా, మెడకు కట్టిన నంబరు ఎంత, అన్నీ రాసి ఉన్నాయి. మన మిల్లు హాజరీ పుస్తకం లాగే ఉంది.

ఇంటికొచ్చి మనవరాలితో ఆ కాయిదా చదివించుకున్నాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 2001లో మొదట నియమాలు పెట్టారు. 2023 మార్చిలో వాటిని మార్చి కొత్తవి తెచ్చారు. వాటిలో మనకు పనికొచ్చేవి ఇవి. వీధికుక్కను చేత్తోగానీ వలతోగానీ పట్టాలి. ఇనుప పట్టకార్లు, తీగలు వాడగూడదు. పట్టిన దానికి నంబరు కట్టాలి, చోటు, తేదీ రాయాలి. ఆర్నెల్లు నిండని పిల్లలను ఆపరేషన్‌కు పట్టగూడదు. ఆపరేషన్ తర్వాత కనీసం నాలుగు రోజులు ఉంచుకుని చూసుకోవాలి. గుర్తుకు చెవి కత్తిరించి, సూది వేసి, పట్టిన చోటే వదలాలి. పిచ్చి ఎక్కిందని అనుమానం ఉన్నదాన్ని విడిగా ఉంచాలి. పిచ్చి అని తేలితే వదిలే మాటే లేదు.

ఇది విని నాకు మా తాత ముచ్చట యాదికొచ్చింది. ఊళ్లో బందెలదొడ్డి ఉండేది. చేను మేసిన బర్రెను తోలుకుపోయి అందులో కట్టేసేవారు. ఇక్కడ మరాఠీవాళ్లు దాన్నే కోండ్వాడా అంటారు. బ్రిటిషోళ్ల ఇలాకాలో దీనికి 1871లోనే చట్టం ఉంది. దొడ్డి కాపరి పశువుకు మేత, నీళ్లు పెట్టాలి. జరిమానా, మేత ఖర్చు కట్టి యజమాని విడిపించుకోవచ్చు. ఏడు రోజులు ఎవరూ రాకపోతే నోటీసు అతికించి దండోరా వేయాలి. ఇంకో ఏడు రోజులు చూసి వేలం వేయాలి. ఆ వేలంలో దొడ్డి కాపరిగానీ పోలీసుగానీ కొనగూడదు. ఆ మాట ఎంత తెలివిగా రాశారో చూడండి. పట్టేవాడే కొనేవాడైతే ఊళ్లో ఒక్క బర్రె మిగలదు.

లెక్క లేకుండా పట్టే అధికారం ఇస్తే ఏమవుతుందో మన ముంబై చూసింది. 1832లో వీధికుక్కను చంపితే ఎనిమిది అణాలు ఇచ్చేవారు. అణాల ఆశతో ఇండ్లలో పెంచుకునే కుక్కలను కూడా లాక్కుపోయారు. కుక్కను పవిత్రంగా చూసే పార్సీలు ఆ జూన్‌లో తిరగబడ్డారు. ఫోర్టులో దుకాణాలు మూతపడ్డాయి.

పరేల్‌లో మనమంతా బైల్‌ఘోడా హాస్పిటల్ అనే ఆసుపత్రి ఉంది కదా. దాని అసలు పేరు బాయి సాకర్‌బాయి దిన్‌షా పెటిట్ జంతు ఆసుపత్రి. మిల్లులు కట్టిన దిన్‌షా మానెక్‌జీ పెటిట్ తన భార్య పేరు మీద కట్టించాడు. దెబ్బ తగిలిన వీధి జంతువు కనిపిస్తే అక్కడికి తీసుకుపోవచ్చు. మిల్లు మూతపడ్డా ఆ సేఠ్ పెట్టిన ఆసుపత్రి నడుస్తూనే ఉంది.

ఇంత చెప్పి ఊరుకుంటే పిల్ల తల్లికి అన్యాయం చేసినట్టే. సగం తోక కుక్కను కూడా ఆపరేషన్ చేసి, సూది వేసి, తెచ్చి వదిలిన రోజు ఆమె నన్ను అడిగింది. “కుక్కకు నంబరు ఉంది, పుస్తకం ఉంది, కాయిదా ఉంది. నా బిడ్డకు ఏముంది కాకా?” 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడికి నాలుగేండ్ల పిల్లవాడు చనిపోయాడు. ఆ వార్త మన ఇండ్లన్నిటిలో విన్నాం. ఆ తల్లికి చట్టం చదివి వినిపిస్తే కడుపు చల్లబడుతుందా? నేను ఏమీ అనలేదు.

పై కోర్టు కూడా ఈ రెండు మాటల మధ్యే నడిచింది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లలో పెట్టమంది. ఆగస్టు 22న దాన్ని మార్చింది. ఆపరేషన్, సూది అయ్యాక పట్టిన చోటే వదలండి, కాని పిచ్చివి, పిచ్చి అనుమానం ఉన్నవి, మీదపడి కరిచే గుణం ఉన్నవి వదలకండి అంది. తిండి పెట్టడానికి వేరే చోట్లు పెట్టమంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లోపలి కుక్కలను తీసి, మళ్లీ అక్కడ వదలొద్దని చెప్పింది. అంటే పిల్లల బడి లోపల కుక్కలుంటే ఇప్పుడు మీరు గట్టిగా అడగవచ్చు.

నేను నేర్చుకున్నది ఒక్కటే. పట్టేవాడికి లెక్క ఉన్నట్టే, ఫిర్యాదు చేసేవాడికీ లెక్క ఉండాలి. “అన్నిటినీ తీసుకుపోండి” అని రాస్తే కోపం తీరుతుంది, పని జరగదు. ముంబైలో ఉన్నవాళ్లు 1916కు ఫోన్ చేసి చెప్పవచ్చు. ఏ కుక్క, ఏ రంగు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరిని కరిచింది అని చెప్పండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. బండి వస్తే ఎన్ని పట్టారో, ఎన్ని తిరిగొచ్చాయో మీరూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. చెవి కత్తిరించని కుక్క కనిపిస్తే ఆపరేషన్ కాలేదన్నమాట. అదీ చెప్పండి. చెత్త కుండీ బయట పారేయకండి. కుక్క కరిస్తే కారం, సున్నం వద్దు. సబ్బు, నీళ్లు, పావుగంట, ఆ వెంటనే ఆసుపత్రి. సూదులు మధ్యలో ఆపొద్దు.

మా చాళ్‌లో ఒక మార్పు జరిగింది. తిండి పెట్టే జాగా పిల్లలు నడిచే దారి నుంచి తీసి, వెనక గోడ పక్కకు మార్చాం, రాత్రి తొమ్మిది తర్వాతే. మా ఇంటామె ఒప్పుకుంది. ఇప్పుడు నాతో మాట్లాడుతోంది కూడా.

పైఅంతస్తు పిల్ల కాలు మానింది. చిన్న మచ్చ మిగిలింది. రాణిని చూస్తే భయపడదు. సగం తోకదాన్ని చూస్తే మాత్రం నా చెయ్యి పట్టుకుంటుంది. సాయంత్రం ట్యూషన్ వదిలే వేళకు నేను పోయి ఆ మలుపులో నిలబడుతున్నాను. రిటైరు అయినవాడికి ఇదొక పాళీ.

ఉంటాను. వచ్చే నెల కలుద్దాం.