బయాప్సీ ముక్కను మరువవలదు

కాశీపూర్, రాయగడ ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న మన కుటుంబములలో ఎవరికైనను కేన్సరు అనుమానము కలిగినచో విశాఖపట్టణమునకో, కటకమునకో పోవుచుందురు. అక్కడ వైద్యులు కణితినుండి చిన్న ముక్క తీసి పరీక్షింతురు. ఫలితము చేతికి రాగానే ఆ ముక్క సంగతి మనము మరచిపోవుచున్నాము. ఇది పొరపాటని మా అభిప్రాయము.

ఆ ముక్కను ఫార్మలిన్‌లో నానబెట్టి, మైనపు దిమ్మెలో పొదిగి భద్రపరతురు. పరీక్షకు పలుచని పొరలు కోయగా మిగిలిన భాగమునుండి ఏండ్ల తరువాత సైతము జన్యుపదార్థమును వెలికితీయవచ్చును. ఊపిరితిత్తుల కేన్సరులో ఇ.జి.ఎఫ్.ఆర్. జన్యువు మారినదా, రొమ్ము కేన్సరులో హెర్-2 జన్యువు అధికమైనదా అని ఇట్లే తెలిసికొందురు. ఏ మందు పనిచేయునో దానినిబట్టి నిర్ణయింతురు. పెక్కుసార్లు రోగిని మరల సూదితో బాధింపవలసిన పని యుండదు. అయితే దిమ్మె పాతబడినకొలది జన్యుపదార్థము క్షీణించును. అన్నివేళల ఫలితము లభింపదు.

1994, 1995 సంవత్సరములలో కనుగొన్న బి.ఆర్.సి.ఎ. జన్యువుల లోపము వంశమున సంక్రమింపగలదు. తల్లి గతించినను, ఆమె కణితి దిమ్మెలో ఆ లోపము కనబడినచో కుమార్తెలు రక్తపరీక్ష చేయించుకొని ముందుగా జాగ్రత్తపడవచ్చును.

ఈ నమూనాలను పరిశోధనకును వాడుదురు. అది లోకోపకారమే. కాని 1951లో అమెరికాలోని బాల్టిమోరున హెన్రియెట్టా లాక్స్ అను స్త్రీ కణములను ఆమె కెరుకలేకుండ తీసికొని లోకమంతట వాడిరి. అట్టి అన్యాయము మరల జరుగరాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి నియమావళి పరిశోధనకిచ్చిన నమూనాకు దానిని ఇచ్చినవారే యజమానులనియు, భద్రపరచు సంస్థ సంరక్షకుడు మాత్రమే యనియు చెప్పుచున్నది.

ఇక్కడనే మనకు భాషాసమస్య యెదురగుచున్నది. మన పెద్దలలో పలువురకు ఒడియా చదువ రాదు. ఒడియా బడులలో చదివిన పిల్లలకు తెలుగు లిపి రాదు. కటకమున పెద్దలకు, విశాఖలో పిల్లలకు సమ్మతిపత్రము అక్షరములు లేని కాగితమే. అర్థముకాని పత్రముపై చేసిన సంతకము సమ్మతి కాజాలదు.

కావున పాఠకులకు మా మనవి: ఫలితపత్రముపైనుండు దిమ్మె సంఖ్యను వ్రాసి యుంచుకొనుడు. దిమ్మెను ఎంతకాలము దాచుదురో, కోరినచో ఇత్తురో అడుగుడు. సమ్మతిపత్రమును మీకు తెలిసిన భాషలో చదివి వినిపింపుమని కోరుడు. రెండు లిపులు నేర్చిన మన యువకులు రోగులకు తోడుగా వెళ్లవలెను. మన పొరుగున నున్న కోంధు, ఝోడియా సోదరులకు ఈ కష్టము మనకంటె నెక్కువ. వారికిని ఆ తోడ్పాటు అందించుట మన ధర్మము.