కొలత ఎక్కడ వేయవలెను?

వీధికొక రేడియో ఉన్న కాలము మన పెద్దలకు జ్ఞాపకమున్నది. నేడు కమాన్‌పూర్ వంటి మండల కేంద్రములో కూడ మధ్యతరగతి ఇంటిలో రెండు మూడు వైఫై పెట్టెలు కనిపించుచున్నవి. ఒక పెట్టె బయటి తీగ నుండి ఇంటర్నెట్టును అందుకొనును. తక్కినవి దాని మాట గాలిలో విని, తర్వాతి గదికి అందించును. ఈ అల్లికకే మెష్ అని పేరు. నాలుగైదేండ్లు గడచుసరికి పాత పెట్టెలు తీసివేసి కొత్త తరము పెట్టెలు కొనవలెనా అను ప్రశ్న ఇంటింట పుట్టుచున్నది. మా ఇంట గత వేసవిలో పుట్టినది. తెలుగు పాఠము చెప్పుకొను వారికి ఈ చర్చ ఎందుకని విద్యార్థి మిత్రులు నవ్వవచ్చును. నవ్వవలసినదే. కాని ఆ ప్రశ్నకు మేము మొదట ఇచ్చిన జవాబు తప్పు. ఆ తప్పు మా ఒక్క ఇంటిది మాత్రమే కాదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా ఇల్లు రెండు కాలములది. వెనుక భాగము తాతగారి నాటిది. సున్నముతో కట్టిన రెండడుగుల మందపు గోడలు. ముందు భాగము, అబ్బాజాన్ సింగరేణిలో పదవీ విరమణ చేసినప్పుడు చేతికి వచ్చిన సొమ్ముతో వేసిన స్లాబు ఇల్లు. ముందు దివాన్‌ఖానా, తర్వాత దాలాను, ఆ పైన వంటగది, అన్నిటికన్న వెనుక ఒక చిన్న గది. ఇంటర్నెట్టు కనెక్షను ఇచ్చుటకు వచ్చిన కుర్రవాడు దివాన్‌ఖానా దాటి లోపలికి అడుగు పెట్టలేదు. రమ్మని మేమును అనలేదు. అతిథులు కూర్చుండు గదిలో, టీవీ ప్రక్కన మేకు కొట్టి పెట్టె బిగించి పోయినాడు. 2020లో కళాశాలలు మూతపడి పాఠములన్నియు ఫోనులలోనికి చేరినప్పుడు మేము మూడు పెట్టెల మెష్ కొన్నాము. ఒకటి దివాన్‌ఖానాలోనే నిలిచినది. రెండవది దాలానులో పెట్టినాము. మూడవది మేడమీద, మా అన్నగారి కుమారుడు ఉండు గదికి పోయినది. వెనుక గది సంగతి ఆనాడు ఎవరికిని తోచలేదు. ఆ గదిలో చదువుకొనునది మా అన్నగారి కూతురు.

గత వేసవిలో, ఇంజనీరింగు చదువుచున్న ఆ కుమారుడే పెట్టెలు మార్చవలెనని పట్టుపట్టినాడు. అతని వాదములో బలము లేకపోలేదు. వైఫైకి మొదటి ప్రమాణము 1997లో ఏర్పడినప్పుడు దాని వేగము సెకనుకు 2 మెగాబిట్లు. అప్పటి నుండి తరము వెంట తరము వచ్చి, 2024 జనవరిలో ఏడవ తరమునకు ధ్రువీకరణ ఆరంభమైనది. పెట్టె అట్టమీద అచ్చువేసిన వేగము చూచిన కళ్ళు తిరుగును. మూడు పెట్టెల వెల మా నెల జీతములో సగము. కొనవచ్చునా, కొనరాదా అని మేము రెండు వారములు లెక్కలు వేసినాము. కొనుటకే మొగ్గినాము కూడ.

ఈలోగా దోస్త్ ప్రవేశములు వచ్చినవి. 2016 నుండి మన రాష్ట్రములో డిగ్రీ సీట్లు ఆన్‌లైను ద్వారానే ఇచ్చుచున్నారన్నది మీకు తెలియనిది కాదు. మొదటి విడతలో కళాశాలల ఐచ్ఛికములు నమోదు చేయవలసిన చివరి సాయంకాలము మా ఇంటికి చుట్టములు వచ్చినారు. దివాన్‌ఖానాలో మూల కుర్చీలో ల్యాప్‌టాప్ పెట్టుకొని కూర్చున్న అమ్మాయి లేచి లోపలికి పోయినది. మేము గమనించలేదు. చుట్టములు భోజనము చేసి, మాటలాడి, పది దాటిన పిదప కదలినారు. అంతవరకు ఆమె వెనుక గదిలో పేజీ తెరుచుకొనుటకై ఎదురు చూచినది. ఐచ్ఛికములను కాగితము మీద వరుసగా వ్రాసి పెట్టుకొన్నది. తిరిగి వచ్చుసరికి సగము మాత్రమే నమోదు చేయగలిగినది. రెండవ విడతలో సీటు వచ్చినది గాని ఆమె మొదట కోరిన పాఠ్యాంశములు రాలేదు. ముందుగా ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగినాము.

"ఆ గదిలో రాదు గదా చాచా, అందరికి తెలుసు," అన్నది.

అందరికి తెలుసునన్న మాట నిజము. మేము అయిదేండ్లుగా ఎరుగుదుము. ఎరిగియు, ఏ పెట్టె కొనవలెనని పత్రికలు తిరగవేయుచుంటిమి.

మరునాడు ఉదయము, ఫోనులో వేగము చూపించి, "94 వచ్చుచున్నది, మన కనెక్షనే 100, ఇంకేమి కావలెను" అని మేము దివాన్‌ఖానాలో నిలబడి అన్నగారితో అనుచుండగా, ప్రక్కన చాయ్ త్రాగుచున్న అబ్బాజాన్ కలుగజేసుకొన్నారు. ఆయన బాయిలో ఓవర్‌మన్‌గా పని చేసినవారు. వైఫై అనిన ఆయనకు మనుమలు తలలు వంచుకొని కూర్చుండుటకు పెట్టిన పేరు. "ఫ్యాను కాడ గాలి జూసి బాయిల గాలున్నదంటే ఒప్పుకుంటరా? ఫేసు కాడ ఎంతున్నదో చెప్పు," అన్నారు.

బాయి పని ఎరుగని విద్యార్థుల కొరకు ఈ మాటను కొంచెము విప్పవలెను. భూగర్భ గనిలో గాలి ఆడించు పెద్ద ఫ్యాను భూమి పైన ఉండును. అది ఎంత గాలి లాగుచున్నదన్న లెక్కతో చట్టము తృప్తి పడదు. బొగ్గుగనుల నియమావళి ప్రకారము, గనిలోని ప్రతి డిస్ట్రిక్టులోను, గాలి చేరు చివరి దారి వద్ద కొలత వేయవలెను. అక్కడ పెద్ద షిఫ్టులో పనిచేయు మనిషికి నిమిషమునకు 6 ఘనపు మీటర్ల గాలి, లేక దినమునకు తీయు టన్ను బొగ్గుకు నిమిషమునకు 2.5 ఘనపు మీటర్ల గాలి, రెంటిలో ఏది ఎక్కువైన అంత గాలి పోవుచుండవలెను. గాలి దారిలో కారిపోవును. తలుపుల సందులలో, గోడల పగుళ్ళలో చిన్న దారి చూచుకొని వెనుకకు మళ్ళును. కనుక మనిషి ఊపిరి తీయుచోటనే కొలువవలెను. గోదావరిఖని, సెంటినరీ కాలనీ ప్రాంతములలో ఈ సంగతి పది ఇండ్లలో తొమ్మిదింటికి తెలియును. మా ఇంటికిని తెలియును. ఇల్లు దాటి ఇంటిలోనికే అది రాలేదు, అంతే.

ఆ దినమే కొలతలు వేసినాము. ఉదయము, సాయంకాలము, రాత్రి, మూడు వేళల. దివాన్‌ఖానాలో 94కు తగ్గలేదు. దాలానులో నలుబది చిల్లర. వెనుక గదిలో 7. రాత్రి అందరు ఫోనులు పట్టుకొన్న వేళ 2. వంటగదిలో ఒక్కొక్కసారి ఏమియు లేదు.

ఎందుకిట్లు జరుగునో మా అన్నగారి కుమారుడే విడమరచి చెప్పినాడు. అతనికి న్యాయము చేయవలెను. మా పాత పెట్టెలు రెండు పౌనఃపున్యములలో పలుకును. 2.4 గిగాహెర్ట్జ్ అల నెమ్మదిగా నడచినను గోడలు కొంత దాటును. 5 గిగాహెర్ట్జ్ అల వేగముగా పరుగెత్తును గాని, రెండడుగుల గోడ ఎదురైన చతికిలబడును. అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి. నడిమి పెట్టె ఒకే రేడియోతో ఇటు వినవలెను, అటు చెప్పవలెను. రెండును ఏకకాలమున చేయలేదు. హాలేజీలో ఒకే పట్టాల మీద నిండు టబ్బు పోవునంతసేపు ఖాళీ టబ్బు ఆగి ఉండవలెను గదా, అట్లే. ఒక పెట్టె దాటిన వేగము సుమారు సగమగును. మరియొకటి దాటిన అందులో సగము.

కొత్త తరము పెట్టెలు ఈ చిక్కును తీర్చవా? కొంత తీర్చును. పెట్టెలు తమలో తాము మాటలాడుకొనుటకు వేరే రేడియో ఉన్నవి కలవు. ఏడవ తరము పెట్టె ఒకేసారి రెండు మూడు దారులలో మాటలాడగలదు. కాని వాటి అసలు బలము 6 గిగాహెర్ట్జ్ అలలో ఉన్నది. ఆ పట్టీ దిగువ భాగమును ఇండ్లలో లైసెన్సు లేకుండ వాడుకొనుటకు కేంద్ర టెలికాం శాఖ 2025 మేలో ముసాయిదా నియమములు వెలువరించినది. అందులో పట్టీ వెడల్పు 500 మెగాహెర్ట్జ్. ఏడవ తరము గొప్పగా చెప్పుకొను 320 మెగాహెర్ట్జ్ దారి అందులో ఒక్కటియే పట్టును. పైగా గోడకు తలవంచుటలో 6 గిగాహెర్ట్జ్ అల 5 గిగాహెర్ట్జ్ అలకు అన్నగారు. మా తాతగారు కట్టిన గోడ ఏ తరమును లెక్కచేయునట్టిది కాదు.

కనుక పెట్టెలు కొనలేదు. ముప్పది మీటర్ల తీగ కొన్నాము. దివాన్‌ఖానాలోని పెట్టె నుండి దాలాను చూరు వెంబడి, లోపలి వైపుననే, వెనుక గది వరకు ఆ తీగ లాగినాము. ఆరుబయట లాగరాదని, ఉరుముల కాలములో రాగి తీగ పిడుగును ఇంటికి పిలుచుకొని వచ్చునని కొట్టువాడు హెచ్చరించినాడు. మంచి మాట. వెనుక గోడకు రంధ్రము వేయునప్పుడు అబ్బాజాన్ కుర్చీ వేయించుకొని కూర్చున్నారు. వందల రంధ్రములు వేయించిన కన్ను గదా, మూడుసార్లు కోణము మార్పించినారు. మేడమీది పెట్టెను దింపి ఆ తీగ కొసకు తగిలించినాము. ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు. వెనుక గదిలో కొలత 86. పెట్టె పాతదే.

మేడమీది వానికి కోపము వచ్చినదా అనిన, వచ్చినది. అతని ఆటలు ఇప్పుడు దాలాను పెట్టె దయమీద నడుచుచున్నవి. తాను వాదించిన మార్పు జరుగక, తన పెట్టెయే చెల్లెలికి పోవుట అతనికి అన్యాయమనిపించుట సహజము. ఆ అన్యాయము మాకు సమ్మతమే. అమ్మాయి దివాన్‌ఖానాలో కూర్చుండినచో ఏమని మిత్రులొకరు అడిగినారు. ఆ ప్రశ్నలో సత్యమున్నది. దానికి ఇంటి ఆచారము జవాబు చెప్పవలెను గాని పెట్టె కాదు. అయితే ఆచారము పేరు చెప్పి మేము అయిదేండ్లు కప్పిపుచ్చుకొన్నది మా అలసత్వమును. ఆచారము అమ్మాయిని వెనుక గదిలో కూర్చుండుమన్నది. తీగను కూడ దివాన్‌ఖానాలోనే ఆగుమని అనలేదు.

పెట్టెలు ఎప్పటికిని మార్చరాదని మా అభిప్రాయము కాదు. తయారీదారు భద్రతా సవరణలు పంపుట మానివేసిన దినమున ఆ పెట్టె ఎంత బాగుగా పనిచేసినను దించవలసినదే. తాళము తుప్పు పట్టిన తలుపు అది. బ్యాంకు లావాదేవీలు, విద్యార్థివేతనముల దరఖాస్తులు అన్నియు ఆ తలుపు గుండానే పోవుచున్నవి. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 రక్షణ లేని పెట్టెలు ఇంకను ఎన్నో ఇండ్లలో ఉన్నవి. అట్టివి మార్చుట విలాసము కాదు. మా పెట్టెలకు సవరణలు ఇంకను వచ్చుచున్నవి. నెలకొకసారి చూచుట మేడమీది వాని వంతు.

ఈ పాఠము మన తెలుగు నేలకు కొత్తది కూడ కాదు. ఇరువది ఏండ్ల క్రిందట పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ వారి అశ్విని పథకము, ఇండ్లలో వాడు సామాన్యపు వైఫై రేడియోలతోనే పల్లెలను దూరదూరముల నుండి కలిపినది. అట్టి ప్రయత్నముల అనుభవమును భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు 2007లో ఒక వ్యాసముగా ప్రకటించినారు. రేడియోల వెల వారికి పెద్ద సమస్య కాలేదు. అలలు అడ్డులేక పోవుటకై వాటిని ఎత్తున నిలుపు స్తంభముల ఖర్చు, పల్లెలలో కరెంటు నిలకడ లేకపోవుట, ఇవి పెద్ద సమస్యలైనవి.

ఇప్పుడు తీగ మన గుమ్మము దాకనే వచ్చుచున్నది. మిషన్ భగీరథ నీటి గొట్టముల కొరకు త్రవ్విన కందకములలోనే టీ ఫైబర్ తీగ పరచినారు. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకముగా ఆ సేవలు ఆరంభమైన గ్రామములలో మన పెద్దపల్లి జిల్లాలోని అడవి శ్రీరాంపూర్ ఒకటి. రేపు కమాన్‌పూర్ ఇండ్లకు ఆ తీగ వచ్చినప్పుడు, దానిని తెచ్చిన కుర్రవాడు మరల దివాన్‌ఖానాలోనే మేకు కొట్టును. లోపలికి రమ్మని, లేదా తీగ కొసను లోపలికి ఇమ్మని ఆ రోజు ఇంటివారే చెప్పవలెను.

మన కళాశాల కార్యవర్గ పెద్దలకును ఒక మనవి. కళాశాల వైఫై సంగతి చర్చకు వచ్చినప్పుడు కార్యాలయపు గదిలో వేగము చూచి తీర్మానము వ్రాయవద్దు. గ్రంథాలయములో కిటికీ లేని ప్రక్క చివరి బల్ల యొకటి ఉన్నది. విద్యార్థినులు విశ్రాంతి తీసుకొను గది యొకటి ఉన్నది. మధ్యాహ్నము పన్నెండున్నరకు, అందరు ఫోనులు తీసిన వేళ, ఆ రెండు చోట్ల నిలబడి కొలువవలెనని కోరుచున్నాము. కొలుచుటకు మా అన్నగారి కుమారుని పంపగలము.

మా ఇంట పని ఇంకను పూర్తి కాలేదు. మొన్న కరెంటు పోయినప్పుడు దివాన్‌ఖానాలోని పెట్టె ఇన్వర్టరు మీద వెలుగుచునే ఉన్నది. వెనుక గది పెట్టె ఆరిపోయినది. ఆ గది ప్లగ్గుకు ఇన్వర్టరు లైను ఎన్నడును ఇవ్వలేదట. ఎలక్ట్రీషియను శుక్రవారము నమాజు తర్వాత వచ్చెదనన్నాడు.